బ్రేక్ వేస్తే కారు అదురుతోందా? డిస్కులు మార్పించే ముందు చూసుకోవాల్సినవి

హైవే మీద వందలో వెళ్తుంటే ముందు టోల్ గేటు కనబడుతుంది. బ్రేక్ మీద కాలు పెట్టగానే స్టీరింగ్ చేతుల్లో అదరడం మొదలవుతుంది. స్పీడు యాభైకి దిగేసరికి ఆ అదురు దానంతటదే తగ్గిపోతుంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగితే అసలు తెలియనే తెలియదు. షెడ్డుకు తీసుకెళ్తే చక్రం కూడా విప్పకుండానే జవాబు వచ్చేస్తుంది: "డిస్కులు బెండ్ అయ్యాయి సార్, జత మార్చేద్దాం." మారుస్తారు. కొన్ని నెలలు కారు హాయిగా నడుస్తుంది. తర్వాత కథ మళ్లీ మొదటికొస్తుంది.

మళ్లీ మొదటికి రావడానికి కారణం చాలాసార్లు డిస్కులో ఉండదు, డిస్కు వెనకాల ఉంటుంది. అది తెలియాలంటే అసలు అదురు ఎలా పుడుతుందో కాస్త చూడాలి.

డిస్కు నిజంగా వంగుతుందా?

డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, బ్రేక్ వేస్తే ప్యాడ్లు దాన్ని రెండు వైపులా నొక్కి ఆపుతాయి. మామూలు రోడ్డు వాడకంలో పోత ఇనుప డిస్కు వంగిపోవడం చాలా అరుదు. ఎక్కువగా జరిగేది ఇది. డిస్కు తన వెనకాల ఉండే హబ్బు (చక్రమూ డిస్కూ బిగిసే తిరుగుడు భాగం) మీద నూటికి నూరు పాళ్లు చదునుగా కూర్చోదు. మధ్యలో తుప్పు పెచ్చో, మట్టో ఇరుక్కుంటుంది, లేదా చక్రం నట్లు ఒకటి మరీ గట్టిగా, ఇంకోటి వదులుగా బిగిసి ఉంటాయి. దాంతో చక్రం తిరిగినప్పుడల్లా డిస్కు అంచు అటూ ఇటూ ఊగుతుంది. దీన్నే రన్‌అవుట్ అంటారు.

ఒక చిన్న లెక్క చూడండి. హబ్బు ముఖం వెడల్పు 140 మి.మీ. అనుకుందాం. దాని ఒక అంచున 0.05 మి.మీ. తుప్పు పెచ్చు ఉంది. అంటే తల వెంట్రుక కంటే పల్చనిది. 240 మి.మీ. డిస్కు అంచు దగ్గరకొచ్చేసరికి అదే దాదాపు 0.09 మి.మీ. ఊపు అవుతుంది. చాలా కార్లకు కంపెనీలు పెట్టే రన్‌అవుట్ హద్దు 0.05 నుంచి 0.10 మి.మీ. మధ్యే ఉంటుంది. ఒక్క పెచ్చుతోనే హద్దు దాకా వచ్చేశాం.

తమాషా ఏమిటంటే, ఆ ఊపు వల్ల మొదటి రోజే అదురు రాదు. ప్యాడ్లను పట్టుకుని ఉండే కాలిపర్ కూడా డిస్కుతో పాటు అటూ ఇటూ జరిగి సర్దుకుంటుంది. కానీ బ్రేక్ వేయనప్పుడు కూడా, ఊగే చోటు తిరిగి వచ్చినప్పుడల్లా ప్యాడ్‌కు రాసుకుంటూ పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు ఆ చోట డిస్కు అరిగి పల్చబడుతుంది. మందం తేడా 0.015 మి.మీ. దాటితే చాలు, కాలికీ చేతికీ తెలిసిపోతుంది. మందంగా ఉన్న భాగం ప్యాడ్ల మధ్యకు వచ్చినప్పుడు పట్టు పెరుగుతుంది, పల్చటి భాగం వచ్చినప్పుడు తగ్గుతుంది. ఈ పెరుగుడూ తరుగుడే మనకు అదురుగా అందుతుంది. కొత్త డిస్కు వేసినా హబ్బు మీది పెచ్చు తీయకపోతే ఇదంతా మళ్లీ మొదలవుతుంది. ఆ కొన్ని నెలల లెక్క ఇదే.

రెండో దారి వేడి. ఘాట్ దిగుతూ బ్రేక్ మీదే కాలు ఉంచి, కింద ఆగాక కూడా పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే, వేడెక్కిన ప్యాడ్ పదార్థం డిస్కుకు ఒకేచోట మచ్చలా అంటుకుంటుంది. ఆ మచ్చ దగ్గర పట్టు వేరు, మిగతా చోట వేరు. ఫలితం మాత్రం అదే అదురు.

మరి ఫలానా స్పీడులోనే ఎందుకు ఎక్కువ? మామూలు హ్యాచ్‌బ్యాక్ చక్రం ఒక చుట్టుకు సుమారు 1.9 మీటర్లు వెళ్తుంది. 60లో సెకనుకు దాదాపు 9 చుట్లు, 100లో 14 పైచిలుకు. స్టీరింగుకూ సస్పెన్షనుకూ సొంతంగా ఊగే వేగం ఒకటి ఉంటుంది. చక్రం దెబ్బలు దానికి కలిసినప్పుడు అదురు రెట్టింపవుతుంది. అందుకే 80కీ 110కీ మధ్య భయపెట్టి, ఊళ్లోకి రాగానే ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

మొదటి పని: బ్రేక్ వేస్తేనే వస్తోందా?

ఇది తేల్చకుండా ఏ ఖర్చూ పెట్టొద్దు. ఖాళీ రోడ్డు మీద బ్రేక్ ముట్టకుండా 80, 90, 100 దగ్గర నిలకడగా నడపండి. అప్పుడూ స్టీరింగ్ అదురుతుంటే అది బ్రేక్ గొడవ కాదు. వీల్ బ్యాలెన్సింగ్, టైరులో బుడిపె, గుంటలో పడి వంగిన రిమ్ము, వీటిలో ఒకటై ఉంటుంది. వానాకాలంలో పొలం దారుల్లో తిరిగినవాళ్లు రిమ్ము లోపలి వైపు కూడా చూడాలి. నల్లరేగడి బురద అక్కడ గడ్డకట్టి ఉంటే అదొక్కటే చాలు కారును ఊపడానికి. నీళ్లు కొట్టి కడిగితే సమస్య తీరిపోవచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే అదిరితే డ్రైవ్ షాఫ్టు జాయింట్లు చూపించండి.

బ్రేక్ వేసినప్పుడే అదిరితే ముందుకు పోదాం.

రెండో పని: అదురు ఎక్కడ తెలుస్తోంది?

పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి. వెనక బండ్లు లేని చోట 90 నుంచి 40 దాకా మధ్యస్తంగా బ్రేక్ వేయండి. స్టీరింగ్ ఎడమకూ కుడికీ కొట్టుకుంటుంటే ముందు చక్రాలను అనుమానించాలి. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు, ఫ్లోరు అదురుతుంటే వెనక చక్రాలు. పెడల్ కాలిని వెనక్కి తంతున్నట్టుంటే డిస్కు మందంలో తేడా, లేదా వెనక డ్రమ్ము (డిస్కుకు బదులు లోపలి నుంచి బ్రేక్ పట్టే గిన్నె లాంటి భాగం) గుండ్రం తప్పడం. పక్కన కూర్చున్నవారికి ఫ్లోరు అదురు మీకంటే బాగా తెలుస్తుంది, ఎందుకంటే వాళ్ల దృష్టి రోడ్డు మీద ఉండదు.

ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) పనిచేయడాన్ని చూసి కంగారు పడేవాళ్లు చాలామంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఇసుక మీదో, తడి రోడ్డు మీదో గట్టిగా తొక్కినప్పుడు పెడల్ కింద గరగరమని వేగంగా కొట్టుకోవడం దాని పనే. అయితే పొడి రోడ్డు మీద, నెమ్మదిగా ఆగుతూ, చివరి 10-15 కి.మీ. స్పీడులో పెడల్ అలా కొట్టుకుంటే మాత్రం వీల్ స్పీడ్ సెన్సార్ దగ్గర తుప్పు పేరుకుందేమో, దాని రింగు పగిలిందేమో చూపించాలి. ఈ లక్షణానికి డిస్కులు మార్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మూడో పని: హ్యాండ్ బ్రేక్ పరీక్ష

మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలనే పడుతుంది కాబట్టి ముందు, వెనక వేరుచేసి చూడొచ్చు. పొడిగా, తిన్నగా, ఖాళీగా ఉన్న రోడ్డు చూసుకోండి. స్పీడు 40 దాటొద్దు. లివర్ చివరి బటన్‌ను బొటనవేలితో నొక్కి పట్టే ఉంచి, మెల్లగా పైకి లాగండి. బటన్ వదిలితే లివర్ లాక్ అయిపోతుంది, అది ప్రమాదం. అదురు వస్తే వెనక డ్రమ్ములు. రాకపోతే అనుమానం ముందుకే వెళ్తుంది.

తడి రోడ్డు మీద ఈ పరీక్ష వద్దు. స్విచ్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లకు అసలే వద్దు. వెనక కూడా డిస్కులున్న కొన్ని కార్లలో హ్యాండ్ బ్రేక్ కోసం డిస్కు లోపలే చిన్న డ్రమ్ము ఉంటుంది. వాటిలో ఈ పరీక్ష ఆ డ్రమ్ము సంగతే చెబుతుంది, డిస్కు సంగతి చెప్పదు.

నాలుగో పని: ఏ చక్రం కాలుతోంది?

పది పదిహేను కిలోమీటర్లు నడిపి, చివర్లో బ్రేక్ తక్కువగా వాడుతూ వచ్చి ఆపండి. ఒక్కో రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి. డిస్కును మాత్రం ముట్టుకోవద్దు, చర్మం ఊడుతుంది. కుడి ఎడమల్లో ఒకటి బాగా వేడిగా ఉండి కాలిన వాసన వస్తుంటే అక్కడ కాలిపర్ పట్టేసింది. సాధారణంగా స్లైడ్ పిన్ను (కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే కడ్డీ) ఎండిపోయి బిగుసుకుని ఉంటుంది, లేదా ప్యాడ్‌ను నొక్కే పిస్టన్ వెనక్కి రావడం లేదు. బ్రేక్ వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగడం దీనికి తోడు సాక్ష్యం. ఇది వదిలేసి డిస్కు ఒక్కటే మారిస్తే కొత్త డిస్కు కూడా కాలిపోతుంది.

చక్రం విప్పాక

చదునైన నేల, వెనక చక్రాలకు రాళ్ల అడ్డు, జాకీ కింద గట్టి నేల. నట్లు చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాని మీదే ఆధారపడి పని చేయొద్దు, కింద స్టాండు పెట్టాలి. బ్రేక్ దుమ్మును ఎయిర్ కొట్టి ఊదొద్దు, ముక్కులోకి పోతుంది. బ్రేక్ క్లీనర్ స్ప్రేతోనో తడి గుడ్డతోనో తుడవండి.

నట్లు విప్పేటప్పుడే సగం సంగతి తెలుస్తుంది. ఒక నట్టు చేత్తో తిప్పినట్టు వచ్చి, దాని పక్కది పానా మీద ఎక్కి నిలబడితే గానీ రాకపోతే, అదురుకు కారణం దొరికినట్టే. ఇది ఎక్కువగా పంక్చర్ షాపులో జరుగుతుంది. పైపు తగిలించి కాలితో తొక్కడమో, ఎయిర్ గన్‌తో ఒకటే వరసన బిగించేయడమో వాళ్ల అలవాటు. వాళ్ల తొందర వాళ్లది, డిస్కు మాత్రం మనది.

తర్వాత కళ్లతో చూడాల్సినవి. డిస్కు మీద నీలం మచ్చలుంటే అతిగా వేడెక్కింది. ప్యాడ్ ఆకారంలో నల్లటి ముద్ర ఉంటే పదార్థం అంటుకుంది. అదే ఆకారంలో తుప్పు మచ్చ ఉంటే కారు చాలా రోజులు కదలకుండా ఉంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో వారం పది రోజులు బయట నిలబెట్టినా ఇది కనబడుతుంది, కొన్ని బ్రేకులకు పోతుంది కూడా. లోతుగా తిన్న తుప్పయితే పోదు. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ మందం పోల్చండి. ఒకటి అరిగి, ఇంకోటి కొత్తదానిలా ఉంటే స్లైడ్ పిన్నులు బిగుసుకున్నాయి. ఏ ప్యాడ్ అయినా 3 మి.మీ. కంటే తక్కువ ఉంటే ఇక ఆలోచన వద్దు, మార్చేయండి.

చక్రం గాల్లో ఉండగా పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట ఉంటే వీల్ బేరింగ్ లేదా బాల్ జాయింట్. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే ఆట ఉంటే టై రాడ్ ఎండ్. లోయర్ ఆర్మ్ బుష్షులు చిట్లి ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఇవి అదురును పుట్టించకపోయినా ఉన్నదాన్ని పదింతలు చేసి చూపిస్తాయి.

కొలవడం

షెడ్డులో ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే, అసలు విలువైనదీ ఇదే. అయస్కాంతం స్టాండు ఉన్న డయల్ గేజ్ (చిన్న ఊపును ముల్లుతో చూపే మీటరు) ఒకటి, మందం కొలిచే మైక్రోమీటర్ ఒకటి కావాలి. మంచి మెకానిక్ దగ్గర ఉంటాయి. లేవంటే ఆ డిస్కు పాడైందని ఆయన ఎలా తేల్చాడో అడగడం తప్పు కాదు.

చక్రం తీశాక డిస్కు వదులుగా ఉంటుంది కాబట్టి వాషర్లు వేసి నట్లన్నీ సమానంగా బిగించాలి. గేజ్ స్టాండును సస్పెన్షన్‌కు అంటించి, ముల్లు డిస్కు అంచుకు 10 మి.మీ. లోపల ఆనించండి. సున్నాకు తిప్పి, డిస్కును చేత్తో మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ముల్లు ఎంత నుంచి ఎంత దాకా ఆడిందో అదే రన్‌అవుట్. ఎక్కువ చూపించిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి.

తర్వాత మైక్రోమీటర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల, అంచు నుంచి ఒకే దూరంలో మందం కొలవండి. వెర్నియర్‌తో ఈ పని కుదరదు, అరగని అంచు గట్టు దానికి తగిలి తప్పు లెక్క చూపిస్తుంది. ఎనిమిదింటిలో పెద్దదానికీ చిన్నదానికీ తేడా 0.015 మి.మీ. దాటితే అదురుకు మూలం దొరికింది. డిస్కు మీదే కనీస మందం పోత పోసి ఉంటుంది. కొత్తప్పుడు 22 మి.మీ. ఉన్న డిస్కుకు అది సాధారణంగా 20 దగ్గర ఉంటుంది. అది దాటి అరిగితే లేతు (డిస్కు ముఖాన్ని మిషను మీద చెక్కి చదును చేయించడం) మాటే ఎత్తొద్దు.

రన్‌అవుట్ మాత్రమే ఎక్కువ ఉండి మందం సమానంగా ఉంటే సంతోషించండి, పైసా ఖర్చు లేకుండా బాగుపడే అవకాశం ఉంది. డిస్కు తీసి, హబ్బు శుభ్రం చేసి, డిస్కును ఒక స్టడ్ (నట్లు ఎక్కే బోల్టు) జరిపి బిగించి మళ్లీ కొలవండి. డిస్కు ఊపూ హబ్బు ఊపూ ఒకదాన్నొకటి కొట్టేసే చోటు తరచూ దొరుకుతుంది.

లేతా, కొత్తదా?

ప్యాడ్ ముద్ర పల్చగా ఉంటే ఎమ్రీ పేపర్‌తో రెండు వైపులా గుండ్రంగా రుద్ది, కొత్తగా బెడ్డింగ్ (ప్యాడ్లనూ డిస్కులనూ ఒకదానికొకటి అలవాటు చేయడం, చివర్లో చెప్పాను) చేస్తే సరిపోవచ్చు. మందం తేడా ఉండి, లేతు పట్టాక కూడా కనీస మందానికి పైన మిగులుతుందంటే లేతు పట్టించొచ్చు. కానీ సాధారణ లేతు షాపులో డిస్కును బిగించే చోట మట్టి ఉంటే కొత్త ఊపును వాళ్లే చెక్కి ఇస్తారు. కారు మీద ఉంచే చెక్కే మిషను దొరికితే అది మేలు, ఎందుకంటే ఆ హబ్బుకు సరిపోయేలా చెక్కుతుంది. చిన్న కార్లకు డిస్కుల ధరా లేతు ఖర్చూ మధ్య తేడా పెద్దగా లేకపోతే నేనైతే కొత్తవే వేయమంటాను. పగుళ్లు, లోతైన నీలం మచ్చలు ఉన్నవాటికి లేతు దండగ.

ఏది చేసినా కుడి ఎడమ రెండూ జతగా, ప్యాడ్లతో సహా చేయాలి. పాత ప్యాడ్ పాత డిస్కు గీతలకు అలవాటు పడి ఉంటుంది, కొత్త డిస్కు మీద సమానంగా ఆనదు. వెనక డ్రమ్ములకు ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ చూడాల్సింది డ్రమ్ము మీద రాసి ఉన్న గరిష్ఠ లోపలి వ్యాసం.

బిగించడం

కాలిపర్ విప్పాక దాన్ని బ్రేక్ హోసుకు వేలాడదీయొద్దు, తీగతో స్ప్రింగుకు కట్టండి. డిస్కు హబ్బుకు పట్టేసి రాకపోతే సుత్తి ఎత్తే ముందు దాని మీద మరలున్న రెండు ఖాళీ రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. చాలా కార్లలో 8 మి.మీ. బోల్టులు రెండు అందులో సమానంగా బిగిస్తే డిస్కు తనే బయటికి తోసుకొస్తుంది.

ఇక అసలు పని. హబ్బు ముఖాన్ని వైర్ బ్రష్షుతో, తర్వాత ఎమ్రీతో లోహం మెరిసేదాకా రుద్దండి. ప్రతి స్టడ్ మొదలు చుట్టూ తుప్పు రింగులా పేరుకుని ఉంటుంది. అందరూ వదిలేసేది అదే, డిస్కును ఎత్తి పెట్టేదీ అదే. వేలి గోరుతో తడిమితే గట్టు తగలకూడదు. పాత డిస్కే వాడుతుంటే దాని లోపలి ముఖం, అలాగే అలాయ్ వీలు వెనక ముఖం కూడా శుభ్రం చేయండి. హబ్బు ముఖం మీద గ్రీజు పూయొద్దు. స్టడ్ల మీద అసలే వద్దు. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా కంపెనీ పూసిన నూనె ఉంటుంది, దాన్ని బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి.

స్లైడ్ పిన్నులు తీసి తుడిచి, బ్రేకుల కోసం వచ్చే సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. పైది, కిందిది వేరువేరు రకాలు కావచ్చు, తారుమారు చేయొద్దు. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు బానెట్ కింద ఫ్లూయిడ్ డబ్బా పొంగుతుందేమో గమనించండి, అది పెయింటును తినేస్తుంది.

చక్రం పెట్టాక నట్లన్నీ ముందు చేత్తో, తర్వాత ఒకటి విడిచి ఒకటి ఎదురెదురుగా సగం బిగువుకు తెచ్చి, కారు దించి, టార్క్ రెంచితో పూర్తి చేయండి. చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారు అంకె ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకోండి. కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కడం మరిచిపోవద్దు. మరిచిపోతే మొదటి తొక్కుకు బ్రేక్ పడదు. 100 కి.మీ. తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి టార్క్ రెంచితో చూడండి.

బెడ్డింగ్, ఆపైన

కొత్త ప్యాడ్లూ డిస్కులూ ఒకదానికొకటి అలవాటు పడాలి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 15 దాకా మధ్యస్తంగా బ్రేక్ వేయండి. పూర్తిగా ఆపొద్దు. అర నిమిషం నడిపి మళ్లీ. ఇలా ఎనిమిది పదిసార్లు చేసి, తర్వాత బ్రేక్ పెద్దగా ముట్టకుండా ఐదారు కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వండి. కొంచెం వాసన వస్తుంది, గాభరా అక్కర్లేదు.

ఘాట్‌లో మాత్రం గేరుతోనే దిగాలి. తిరుమల నుంచి కిందికి వచ్చే రోడ్డు మీద ముందు కార్ల బ్రేక్ లైట్లు చూడండి, కొన్ని మొదటి మలుపు నుంచి చివరిదాకా ఆరవు. రెండో గేరులో దిగుతూ, మలుపుకు ముందు ఒకసారి గట్టిగా వేసి వదిలేయడమే పద్ధతి. కిందికి రాగానే ఆగాల్సి వస్తే పెడల్ మీద కాలు తీసి, మొదటి గేరులో ఉంచి, చక్రానికి రాయి పెట్టండి. డ్రమ్ములు కాలుతుండగా హ్యాండ్ బ్రేక్ బలంగా లాగి వదిలేస్తే వాటి గుండ్రం పోతుంది. వేడి మీదున్న చక్రాల మీద నీళ్లు కొట్టించకండి.

ఇంతా చేశాక రన్‌అవుట్ హద్దులోకి రాకపోతే డిస్కు తీసేసి గేజ్ ముల్లును నేరుగా హబ్బు ముఖానికి ఆనించి తిప్పి చూడాలి. అక్కడే ముల్లు ఆడుతుంటే గుంటలో పడిన దెబ్బకు హబ్బు వంగింది, లేదా బేరింగ్ పోయింది. అప్పుడు మార్చాల్సింది హబ్బు-బేరింగ్.